వచ్చాను అన్నదెవరు

శుక్రవారం పొద్దున ఇష్తియాక్ సుఫ్రా పరవలేదు. నేల మీద కూర్చుని తినేటప్పుడు సౌదీలోని ఆ రాబిగ్ ఊళ్లో ఏ ఇంట్లోనైనా పరిచే ఆ పల్చటి ప్లాస్టిక్ చుట్ట వంటగది మూలలోనే నిలబడి ఉంది. దానికి బదులు అతను అఫ్షాన్ రాసుకున్న నోటుపుస్తకాలు రెండు తెచ్చాడు. కుట్టు దగ్గర జాగ్రత్తగా పట్టుకుని ఒక్కొక్క కాగితమే చింపి, అంచుకు అంచు కలిపి హాల్లో పరిచాడు. ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి. రిఫైనరీ ఆఫీసులో అతనికి మంచిపేరు వచ్చింది కూడా అందుకే.

"ఉగ్గాని తీసుకురా" అన్నాడు భార్యతో.

గొంతు పెంచలేదు. సోమవారం నుంచీ ఆ ఇంట్లో అతను ఎవరి మీదా గొంతు పెంచలేదు. అరిచే మగవాళ్లను మదార్బీ చాలామందిని చూసింది. మొగుడు అరిచేవాడు, మరిది అరిచేవాడు, వాళ్లకు భయపడాల్సిన పని లేదని ఆమెకు తొందరగానే తెలిసిపోయింది. కన్నకొడుకు మాత్రం ఇలా మెత్తగా మాట్లాడుతుంటే ఆమెకు భయమేస్తోంది.

అఫ్షాన్ ఉగ్గాని గిన్నె తెచ్చింది. మూడేళ్లుగా రాసుకున్న తన అక్షరాల మీద ఎక్కడ పెట్టాలో తెలియక ఒక క్షణం వంగి అలాగే నిలబడింది.

"పెట్టు. కాగితమే కదా" అన్నాడు ఇష్తియాక్.

పెట్టింది. మిరపకాయ బజ్జీల పళ్లెం కూడా తెచ్చి పెట్టింది. నూనె తగిలిన చోట సిరా ఉబ్బి పక్క గీతలోకి పాకింది. ఏడేళ్ల నాజ్నీన్ తన ముందున్న కాగితాన్ని వేలితో రుద్ది చూసి, అమ్మ పుస్తకం ఎందుకు చింపావని తండ్రిని అడిగింది. అమ్మ రేపు ఊరికి పోతోందనీ, ఇక రాసే పని లేదనీ అతను చెప్పాడు. నేనూ పోతానా అని పిల్ల అడిగితే, నీకు బడి ఉంది కదా నాన్నా, నువ్వు ఇక్కడే నాతోనూ దాదీతోనూ ఉంటావు అన్నాడు.

అఫ్షాన్ చేతిలో నీళ్ల జగ్గు ఉంది. దాన్ని కింద పెట్టకుండా పట్టుకునే నిలబడింది.

"ఎన్నాళ్లు?" అంది నాజ్నీన్.

"తిను" అన్నాడు తండ్రి.

మదార్బీ పళ్లెం పక్కన, బజ్జీ నూనెకు ఇంకా తడవని ఒక వరస కనబడుతోంది. ప్రియమైన ఎం. అని ఉంది. అన్ని ఉత్తరాలూ అలాగే మొదలవుతాయి. ఆ రెండు మాటలే ఈ కొంపకు నిప్పు పెట్టాయి. ఆ నిప్పును మొదట ఊదింది తనేనని మదార్బీకి తెలుసు.

ఆమె నంద్యాల నుంచి విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలైంది. సోమవారం పొద్దున బీరువాలో శీతాకాలం దుప్పట్లు సర్దుతుంటే అడుగున మూడు నోటుపుస్తకాలు దొరికాయి. మదార్బీ పుట్టిన ఇంట్లో నమాజు ఒక్కటే అరబ్బీ, తక్కిన బతుకంతా తెలుగే. ముప్పై రెండేళ్ల వయసులో రాత్రిబడికి పోయి చదవడం నేర్చుకుంది. ఆనాటి నుంచి పేపరు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా వీధి మొత్తానికీ చదివి పెట్టేది ఆమే. చదువు వచ్చినవాళ్లకు అది మామూలు విషయం కావచ్చు. మదార్బీకి అది ఒంటి మీద బంగారం.

ఆ గర్వంతోనే కళ్లజోడు పెట్టుకుని ఆరు పేజీలు చదివింది. 'ప్రియమైన ఎం., వానలో తడుస్తూ నీ కోసం వచ్చాను. నీ కిటికీలో దీపం చూసి, తలుపు తట్టే ధైర్యం లేక వెనుదిరిగాను.' కోడలి చేతిరాత. కోడలి బీరువా. ఎం. అంటే ఎవరో వెతుక్కోవడానికి మదార్బీకి ఎంతోసేపు పట్టలేదు. నాజ్నీన్‌ను బడికి తీసుకుపోయే వ్యాను నడిపేది బనగానపల్లె మస్తాన్ వలీ. పిల్లను దింపేటప్పుడు 'అక్కా, బ్యాగు మర్చిపోయినారు' అంటూ గుమ్మం దాకా వచ్చేవాడు.

అక్కా అనే మాటను కూడా మదార్బీ నేరంలోనే కలిపేసింది.

అవి తన ఉత్తరాలు కావని అఫ్షాన్ ఆ రోజే చెప్పింది. నూటయాభై ఏళ్ల కిందట అమెరికాలో పత్రికలో పనిచేస్తూ పద్యాలు రాసిన సైలస్ హాలోవెల్ అనే ఆయన, తనకు దక్కని మనిషికి పదకొండేళ్ల పాటు రాసిన ఉత్తరాలట. ఆవిడ పరువు పోకూడదని పేరు బదులు ఒక్క అక్షరమే రాసేవాడట. తను వాటిని తెలుగు చేస్తోందట.

"అమెరికా ఆయన తెలుగులో రాసినాడా? నాకేమన్నా చెవిలో పువ్వు కనబడుతుండాదా?" అంది మదార్బీ.

కొడుకు ఇంటికి వచ్చాక అతన్నే అడిగింది, ఇది చెప్పేది నిజమేనా అని. ఇష్తియాక్ షూ లేసులు విప్పుకుంటూ, నువ్వే చదివినావు కదమ్మా, నీకేం అర్థమైంది అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో తల్లి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అర్థమైంది మొత్తం నంద్యాలకు ఫోన్ చేసి చెప్పింది, కర్నూలులో ఉన్న వియ్యపురాలికి చెప్పింది. ఆ మాట చెవిన పడి, బుధవారానికి మస్తాన్ వలీని వ్యాను యజమాని ఎక్కడో దూరాన ఉన్న తబూక్ ఊరికి పంపేశాడు. పోయే ముందు అతను మెట్ల దగ్గర నిలబడి, తానేం తప్పు చేశాడో చెప్పమని అడిగాడు. ఎవరూ తలుపు తియ్యలేదు.

నాజ్నీన్ తినడం అయ్యాక ఇష్తియాక్ పిల్లను పై అంతస్తులో సురయ్యా వాళ్లింటికి పంపాడు. నూనె కాగితాలన్నీ ఉండచుట్టి నల్లసంచిలో వేశాడు. అంతకుముందు రోజే ఆ అమెరికా ఆయన ఇంగ్లీషు పుస్తకం కూడా అలాంటి సంచిలోనే పోయింది. అఫ్షాన్ ఫోను ఆఫీసు సొరుగులో ఉంది. మూడో నోటుపుస్తకం మాత్రం ఇష్తియాక్ దాచి ఉంచాడు. ఎవరైనా అడిగితే చూపించడానికి ఎం. అన్న మాటా, నీ కోసం వచ్చాను అన్న మాటా ఉన్న పుస్తకం ఒకటి ఉండాలి కదా.

ఇష్తియాక్‌కు తెలియనిది ఒకటుంది. ఆ తెల్లవారుజామున నమాజు చేసుకుని మదార్బీ కళ్లజోడు డబ్బా తెరిస్తే, అద్దాల కింద నాలుగు మడతల కాగితం ఒకటి కనబడింది. అదీ అఫ్షాన్ రాతే. సోమవారం తనే ఎప్పుడో పరధ్యానంగా అందులో పెట్టుకుని ఉంటాననుకుని విప్పి చదివింది.

'ప్రియమైన ఎం., ఈ పొద్దున మంగలి నా గడ్డం గీస్తూ గీస్తూ ఎన్నికల మాట ఎత్తాడు. వాడి పార్టీ వేరు, మా పత్రిక పార్టీ వేరు. నిన్నటి సంపాదకీయానికి జవాబుగా నా చుబుకం మీద ఒక గాటు పెట్టాడు. ఈ ఉత్తరం మీద ఎర్రటి చుక్క కనబడితే కంగారుపడకు. అది నా పాఠకుడి అభిప్రాయం.'

మదార్బీ రెండుసార్లు చదివింది. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి. గడ్డం గీయించుకునేవాడు కోడలెట్లా అవుతుంది? పత్రిక నడిపేది కోడలెట్లా అవుతుంది? సోమవారం తను చదివిన ప్రతి 'వచ్చాను', ప్రతి 'ఏడ్చాను' ఒక మగవాడివి. తెలుగులో ఆ మాట మగవాడన్నా ఒకటే, ఆడదన్నా ఒకటే. మాట చెప్పని సంగతిని తనే చెప్పుకుంది.

కాగితాన్ని మళ్లీ మడిచి డబ్బాలోనే పెట్టింది. చించెయ్యడానికి చేయి రాలేదు.

పదింటికి ఇష్తియాక్ శుక్రవారపు జుమా నమాజు కోసం తెల్ల జుబ్బా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మదార్బీ వెనకాలే నిలబడి చాలాసేపు కాలర్ మీద నడుస్తున్న ఇస్త్రీపెట్టె వంక చూసింది.

"ఆ ఉత్తరాలు రాసినోడు మగోడు కదరా?"

ఇస్త్రీపెట్టె ఆగలేదు. "యాడ చదివినావు?"

"పుస్తకంలోనే."

"ఏ పుస్తకంలో?"

"గుర్తు లేదు."

"అయితే ఇందాక మనం తినేసినాం లే దాన్ని" అన్నాడు.

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా. ఆ ఇంగ్లీషు పుస్తకం కొనింది నేనే."

ఇస్త్రీ చేసుకుంటూనే అంతా చెప్పాడు. పెళ్లయిన కొత్తలో చెన్నైలో కొన్నాడట. తనే తెలుగు చేద్దామనుకుని పద్నాలుగు పేజీలు రాసి, కుదరక పక్కన పడేశాడట. అఫ్షాన్ అడిగితే, నీకెట్లా వస్తుందిలే అని నవ్వి ఇచ్చేశాడట. పోయిన వారం విజయవాడ నుంచి ఒక పబ్లిషర్ మెయిల్ పెట్టాడు. అఫ్షాన్‌కు వేరే మెయిల్ లేదు కాబట్టి అది వచ్చింది ఇతని ఫోనుకే. ముప్పై పేజీలు చూశాం, ఇంత మంచి తెలుగు ఈ మధ్య చదవలేదు, పుస్తకం మేమే వేస్తాం, తక్కినదంతా పంపండి అని రాశాడట.

"అఫ్షాన్ గారూ అని మొదలుపెట్టినాడు" అన్నాడు ఇష్తియాక్. "పుస్తకం నాది, ఇల్లు నాది, మెయిలూ నాదే. గారు మాత్రం దానికి."

మదార్బీ మంచం అంచున కూర్చుంది. కోడలు ఎవరితోనో తిరిగిందని లోలోపల కుమిలిపోతున్నాడనుకుని ఆమె నాలుగు రోజులుగా కొడుకు పక్కనే నిలబడింది. ఎవరూ తిరగలేదు. ఇంత బాగా రాసినందుకే కొడుకు ఆ పిల్లను బిడ్డ దగ్గర్నుంచి పెరికేస్తున్నాడు.

"దీనికోసరం ఆ పసిదాన్ని తల్లి లేకుండా చేస్తావా?"

"నేనేం చేసినా?" అన్నాడు అతను. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది ఆ గొంతు. "నంద్యాలకు ఫోన్ చేసింది నేనా? కర్నూలుకు చేసింది నేనా? ఎం. అంటే మస్తాన్ వలీ అని చెప్పింది ఎవురు? నేను నిన్నొక్క మాట అడిగినా, అంతే."

"నేను తప్పు చదివినా అని చెప్తా."

"చెప్పు. నేనేమన్నా వద్దంటినా? రాత్రిబడి చదువు రాత్రిబడి చదువే అంటారు. ఒక మనిషి కడుపు కొట్టింది, ఒక సంసారం కూల్చింది, ఇప్పుడొచ్చి నాకు చదవరాదంటాండాది అంటారు. మళ్ల నీ చేతికి ఎవరన్నా ఒక కాగితమిచ్చి చదవమంటారేమో చూడు."

జుబ్బాను హ్యాంగరుకు తగిలించి, భుజం దగ్గర ముడత ఒకటి మిగిలిందని మళ్లీ తీశాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మదార్బీ హాల్లోకి వచ్చింది. వంటింట్లో అఫ్షాన్ గిన్నెలు తోముతోంది. కుళాయి పారుతూనే ఉంది.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. ఇష్తియాక్ చూసి స్పీకర్ పెట్టి తల్లి ముందున్న బల్ల మీద ఉంచాడు.

"నీ వియ్యపురాలు" అని, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ కోసం బాత్‌రూంలోకి పోయాడు. తలుపు మాత్రం వేసుకోలేదు.

మేరాజ్ బేగం కర్నూలు పాతబస్తీ మనిషి. పుట్టుక నుంచీ ఉర్దూ తప్ప వేరే బడి ఎరగదు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. తొమ్మిదేళ్ల కిందట పెళ్లిలో మదార్బీ కారు దిగుతూ, గొప్పింటి వియ్యపురాలి ముందు తనకూ ఉర్దూ వచ్చని చూపించుకోవాలని, నేను వచ్చాను అనబోయి 'మై ఆయా' అంది. ఆడది 'ఆయీ' అనాలి. ఆయా అనేది మగవాడు. తెలుగింట్లో పెరిగిన నాలుకకు ఆ తేడా ఏం తెలుసు? ఆడవాళ్లంతా నవ్వారు. అందరికన్నా ఎక్కువసేపు నవ్వింది మేరాజ్ బేగం. 'సమ్దీ సాబ్ వచ్చినారు, పక్కకు జరగండి' అని కూడా అంది, వియ్యంకుడుగారు దిగినట్టు. ఆ పేరు మూడు పెళ్లిళ్ల దాకా మదార్బీ వెంట తిరిగింది.

"వదినా, నేను మేరాజ్‌ను."

"చెప్పండి వదినా."

మేరాజ్ బేగం చెప్పుకొచ్చింది. జిద్దాలో ఉన్న పెద్దకొడుకు కారు తాళాలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడట. ఇష్తియాక్‌ను ఆ కంపెనీలో చేర్పించింది అతనే. అతనొచ్చి హాల్లో కూర్చుంటే చెల్లెలికి ఎగ్జిట్ వీసా కొట్టి దేశం దాటించే ధైర్యం బావకు ఉండదు. కానీ తప్పు చేసిన చెల్లెలి కోసమైతే గడప దాటనన్నాడట. అమ్మా, నువ్వు నిజం కనుక్కుని పొమ్మంటే పోతాను అన్నాడట.

"ఫోను పోకముందు అఫ్షాన్ అవి మగోడి ఉత్తరాలని చెప్పింది. అల్లుడు ఏమీ చెప్పడు. నాకు తెలుగు చదవను రాదు. అవి చదివి చెప్పగలిగేది మీరొక్కరే" అంది మేరాజ్ బేగం. "మీకు నా మీద కోపముంటుందని తెలుసు. పెళ్లిలో నేను నవ్వినాను. అది తప్పు వదినా. ఈ పొద్దు మాఫీ అడుగుతున్నా."

తొమ్మిదేళ్లుగా మదార్బీ ఈ మాట కోసం ఎదురుచూసింది. ఎన్నో రాత్రులు తనే ఆ మాట మేరాజ్ బేగం గొంతులో ఊహించుకుని, తిరిగి ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుంది. ఇప్పుడు అవేవీ గుర్తు రాలేదు.

వంటింట్లో కుళాయి ఆగింది. బాత్‌రూంలో కుళాయి కూడా ఆగింది.

"వానలో తడుస్తూ వచ్చాను అని ఏదో రాసి ఉందని చెప్పినారు కదా నాకు," అంది మేరాజ్ బేగం. "ఆ ఒక్క మాట ఉర్దూలో చెప్పండి చాలు. మీరంతా చదివినారు. రాసింది మగోడైతే మై ఆయా అనండి. ఆడదైతే మై ఆయీ అనండి. ఇంకేమీ అడగను. మా వాణ్ని పంపేదీ మానేదీ మీ నోట్లోనే ఉంది."

మదార్బీ తలెత్తింది. వంటింటి గుమ్మంలో అఫ్షాన్ నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. ఆ ముఖంలో భయం లేదు. అదే మదార్బీకి అర్థం కాలేదు. ఇంత జరిగినా అత్త వంక ఆ పిల్ల ఆశగా చూస్తోంది.

ఆయా అంటే చాలు. నాలుకకు అలవాటైన మాటే. పెళ్లినాడు దానంతటదే వచ్చిన మాట. కానీ ఆయా అంటే నంద్యాల మొత్తం వింటుంది. రాత్రిబడి ముసలిది అమెరికావోడి ఉత్తరం చదివి కోడలికి రంకు కట్టిందంటారు. ఆయా అంటే, తబూక్ పోయిన ఆ బనగానపల్లె మనిషి పాపం తన తల మీదికొస్తుంది. ఆయా అంటే, కొడుకు ఆ తెరిచిన బాత్‌రూం తలుపు దగ్గర నిలబడి వింటాడు.

"వదినా?" అంది మేరాజ్ బేగం.

"మై ఆయీ" అంది మదార్బీ.

స్పష్టంగా అంది. పుట్టి అరవై ఏళ్లలో మొదటిసారి ఆమె ఉర్దూలో తప్పు లేదు.

ఈసారి అవతల ఎవరూ నవ్వలేదు. మేరాజ్ బేగం, సరే వదినా, మీరు చెప్పినాక ఇంకేముంది అంది. ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా మెల్లగానే వచ్చింది.

ఇష్తియాక్ తుండుతో మోచేతులు తుడుచుకుంటూ వచ్చాడు. తల్లి వంక చూడలేదు. బల్ల మీది ఫోను తీసుకుని, తెరచి, నాలుగుసార్లు వేలితో నొక్కాడు. ఆ దేశంలో భార్యను పంపించడానికి అంతకన్నా ఎక్కువ పని లేదు.

"ఖురూజ్ అయిపోయింది" అన్నాడు. ఎగ్జిట్ కాగితాన్ని అతను ఆఫీసులో పిలిచే పేరుతోనే పిలిచాడు. "రేపు సాయంత్రం ఫ్లైటు. మధ్యాహ్నం బయల్దేరాలి" అని చెప్పి, జుబ్బా తొడుక్కోవడానికి లోపలికి పోయాడు.

అఫ్షాన్ ఏడవలేదు. మెల్లగా వచ్చి అత్త ఎదురుగా నేల మీద కూర్చుంది. పొద్దున కాగితాలు పరిచిన చోట నూనె మరక ఒకటి మిగిలితే కొంగుతో తుడిచింది.

"అత్తా, కళ్లజోడు డబ్బాలో కాగితం చదివినారా?" అంది గొంతు తగ్గించి.

మదార్బీ పక్కనున్న డబ్బాను ఒళ్లోకి తీసుకుంది.

"అది అక్కడ పెట్టింది నేనే. ఈ ఇంట్లో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేది మీరొక్కరే. ఆయన చదివినా చెప్పడు. మీరు చదివితే చెప్తారనుకున్నా." ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉన్నా బాగుండేదని మదార్బీకి అనిపించింది. "చదవలేదేమోలే. చదివుంటే ఆయీ అని అనరు కదా మీరు."

మదార్బీ పెదవులు కదిలాయి. చదవలేదంటే ఇది నమ్ముతుంది. పిచ్చిది, ఇప్పటికీ నమ్ముతుంది.

"చదివినా" అంది మదార్బీ.

అఫ్షాన్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ కళ్లలోంచి ఏదో వెళ్లిపోవడం మదార్బీకి కనబడింది.

"అయితే నా కాగితం నాకిచ్చేయండి" అంది. ఇప్పుడు అత్తా అనలేదు. "అదొక్కటే మిగిలింది. జిద్దాలో ఉన్న మా అన్నకు చూపిస్తా. ఆయనకు తెలుగు చదవడం వచ్చు."

డబ్బా మదార్బీ ఒళ్లోనే ఉంది. మూత మీద వేలు పెట్టింది.

"ఏ కాగితం?"

ఇష్తియాక్ గది గుమ్మంలో ఉన్నాడు. తెల్ల జుబ్బా మీద ఒక్క ముడత లేదు. రెండడుగులు వేసి వచ్చి, తల్లి ముందు అరచెయ్యి చాపాడు.

"ఏ కాగితమమ్మా? ఇట్లియ్యి, చూద్దాం."

ఎదురుగా నేల మీద అఫ్షాన్ చెయ్యి కూడా చాపే ఉంది. గిన్నెలు తోమిన తడి దాని మీద ఇంకా ఆరలేదు. బయట మసీదు మైకు సర్దుకుంటూ ఒకసారి గరగరలాడింది. మదార్బీ కళ్లజోడు డబ్బాను రెండు చేతులతో పట్టుకుని, ఒకసారి కొడుకు చెయ్యి వంకా ఒకసారి కోడలి చెయ్యి వంకా చూస్తూ, మూత తెరిచింది.